దీపం పెట్టినంక ఇచ్చిన ఉప్పు

సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ప్రైవేటు డిటెక్టివ్ రాజం నలభై ఏడో నంబరు క్వార్టర్‌లో అడుగుపెట్టేసరికి, తప్పిపోయిన మనిషి వంటింట్లో, ఆమె స్టవ్ మీదే, ఇద్దరు కానిస్టేబుళ్ళు చాయ్ కాచుకుంటున్నారు.

రాజం గడప దగ్గరే ఆగాడు. కార్తీక సోమవారం. చుక్క కనబడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టడు. ఆకలి మీద మాట జారుతుందని, ఒక్కపొద్దు ఉన్న రోజున ఎవరినీ గట్టిగా అనకూడదని ఇరవై ఏళ్ళుగా నియమం పెట్టుకున్నాడు. ఈ రోజు ఆ నియమం మధ్యాహ్నం దాకా నిలుస్తుందన్న నమ్మకం కలగలేదు.

"చాయ్‌పత్తి ఎక్కడిది?" అని అడిగాడు.

"గీ డబ్బాల ఉండె సార్."

"చక్కెర?"

"పక్క డబ్బాల."

"ఇంక ఏమేం ముట్టిన్రు?"

వాళ్ళలో చిన్నవాడు కాస్త ఆలోచించాడు. "అన్నీ ముట్టినం సార్. ఏ డబ్బాల ఏమున్నదో తెల్వక."

ముందరి గదిలోంచి నవ్వు వినిపించింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జగన్మోహన్‌రావు ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "రాండ్రి జమేదారూ. నౌకరీ ఇడిచి ఆరేండ్లాయె, ఇంక డబ్బాల లెక్కనేనా? కరీంనగర్ల కేసులు లేవా ఏంది?"

ఒకప్పుడు రాజం జమేదారుగా, అంటే హెడ్ కానిస్టేబుల్‌గా, పనిచేసిన స్టేషన్లోనే జగన్మోహన్‌రావు కొత్తగా ఎస్సై అయి వచ్చాడు. ఎఫ్ఐఆర్ రాయడం రాజం దగ్గరే నేర్చుకున్నాడు. ఆ సంగతి ఇద్దరూ మరచిపోలేదు. అదే బాధ.

"ఈ క్వార్టర్ల లైన్ల ఉండే సమ్మవ్వ ట్రంకాల్ చేస్తే వచ్చిన," అన్నాడు రాజం. "శనివారం పొద్దుమీకి సంది సరోజన లేదన్నది. మీరు ఇస్తారిని తీస్కపోయిన్రన్నది. గంతే తెలుసు నాకు. మీకు ఏం తెలుసో చెప్తే పని తొందరగైతది."

జగన్మోహన్‌రావు వేళ్ళు మడిచాడు. "సరోజన, ఇరవై ఆరేండ్లు. మొగడు ఇస్తారి, బొగ్గుబాయిల బొగ్గెత్తే ఫిల్లర్. తాగుతడు, కొడ్తడు. లైనంత సాక్ష్యమే. శనివారం మధ్యాహ్నం రెండింటికి నల్లకాడ నీళ్ళు పట్టుకుంటుంటే చూసినోళ్ళున్నరు. దాని తర్వాత చూసినోళ్ళు లేరు. వాడు రెండున్నరకు షిఫ్టుకు ఎళ్ళిండు. నడుమ అర్ధగంట. గా అర్ధగంటల అయిపోయింది."

"మరి పీనుగు?"

"లైనెనక పాత బొగ్గుగుంత నిండ నీళ్ళున్నై. తోడిస్తున్న."

"పట్టపగలు, అర్ధగంటల చంపి, మోస్కపోయి, గుంతల ఏసి, చేతులు కడుక్కొని షిఫ్టుకు పోయిండా? తొవ్వల ఒక్క మనిషి సుత చూడలేదా?"

"అది వాడే చెప్తడు. ఇయ్యాల ఐదున్నరకు మెజిస్ట్రేట్ ముందల పెడుత. ఇగ గుంత తోడుడు సుత బంద్ చేపిస్త."

రాజానికి ఒళ్ళు మండింది. గుంత తోడడం ఆపుతాడు సరే. వెతకడం ఆపుతాడు. చచ్చిపోయిందని కాగితం మీద రాస్తే, బతికి ఉన్న మనిషి కోసం ఎవరు వెతుకుతారు? రెండు దినాలు గడిచాయి. ఆమె ఎక్కడైనా ప్రాణంతో ఉంటే, ఐదున్నర తర్వాత ఆమె ఎవరికీ అక్కరలేని మనిషి.

"ఆ పిల్ల ఎన్నడన్న స్టేషన్‌కు వచ్చిందా? దరఖాస్తు గిట్ల ఇచ్చిందా?"

"ఒక్క దరఖాస్తు లేదు. ఒక్కనాడు రాలే."

రాజం వంటింట్లోకి వెళ్ళి, కానిస్టేబుళ్ళను బయటికి పంపి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గచ్చు మీద దొడ్డుప్పు చెల్లాచెదురుగా పడి ఉంది. బూట్ల కింద నలిగిన ఉప్పు తెల్లటి అచ్చులుగా గుమ్మం దాకా సాగింది. ఉప్పు జాడి మూత పక్కన బోర్లా ఉంది.

"ఈ ఉప్పు మీరు ఒలకబోసిన్రా?" అని కేకవేశాడు.

"లేదు సార్. నిన్న మేం వచ్చేటాళ్ళకే కింద పడున్నది."

"దాన్ని తొక్కుకుంట తిరిగిన్రు."

"చూస్కోలే సార్."

ఏ ఇల్లాలైనా చెయ్యి జారి ఉప్పు ఒలికితే ముందు ఎత్తుకుంటుంది, తర్వాతే మరో పని. సరోజనకు వంగి ఎత్తుకునే వ్యవధి కూడా దొరకలేదు. జాడి పక్కన అరుగు మీద ఒక గుండుసూది మెరిసింది. దానికి గోరంత కాగితం ముక్క గుచ్చుకుని ఉంది. బొగ్గు ఎత్తేవాడి వంటింట్లో గుండుసూది. రాజం దాన్ని అగ్గిపెట్టెలో వేసుకున్నాడు.

గూట్లో దేవుని పటాల ముందు కంచు ప్రమిద. మొదలంటా కాలిన వత్తి ఒకటి తీసి పక్కన పెట్టి ఉంది. ప్రమిదలో ఉన్నది కొత్త వత్తి. కొస మాత్రమే నల్లబడింది. నూనె సగానికి పైన ఉంది.

"జగన్మోహన్, ఇటు రా. పొద్దుటి వత్తి కాలిపోయింది. ఇది మాపటి వత్తి. అంటే శనివారం మాపటీలి దీపం పెట్టింది. ఆరు గంటలకు బతికే ఉన్నది. నూనె అయిపోయి కొండెక్కిన దీపం కాదిది. ఎవరో ఆర్పిన్రు."

ఇన్‌స్పెక్టర్ ప్రమిదలోకి చూసి, రాజం మొహంలోకి చూశాడు. "మెజిస్ట్రేట్‌కు నేను వత్తి చూపియ్యాల్నా?"

అప్పుడే గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. తెల్లటి ధోవతి, నుదుట మూడు గీతల విభూతి, చేతిలో మూడు గిన్నెల టిఫిన్ డబ్బా. బొగ్గుబాయిలో కూలీల మీద పెద్దగా చేసి రిటైరైన సర్దారు రాయమల్లు. భార్య పోయి చాలాకాలం అయింది, ఒంటరిగా ఉంటాడు. లైనులో మొగుడూ పెళ్ళాల తగువంటే ఆయన ఇంటి ముందరి గద్దె దగ్గరికే పోతుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఆడపిల్లకు నాలుగు మంచి మాటలు చెప్పి, తిరిగి ఇంట్లోకి పంపుతాడు. పోలీసులకు కూడా ఆయనంటే గౌరవం.

"నమస్తే సారూ," అన్నాడు రాజంతో. "చాయ్ తాగుతరా?"

"ఒక్కపొద్దు."

"నాకు సుత ఒక్కపొద్దే. సరోజన నా బిడ్డసొంటిది. గీ ఇస్తారిగానికి ఎన్నిసార్లు చెప్పిన్నో." మళ్ళీ దగ్గాడు. "ఏం జేస్తం, తప్పుచేసినోడైనా కడుపు కడుపే. వానికి స్టేషన్‌కు బువ్వ తీస్కపోతున్న."

మూత సందులోంచి పప్పు పోపు వాసన వచ్చింది. రాజానికి ఆకలి లేచింది. అంత మంచి మనిషి ఎదురుగా ఉంటే, తను మాత్రం అందరి మీదా విసుక్కుంటున్నానని లోలోపల సిగ్గుపడ్డాడు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు సమ్మవ్వ ఇంటి ముందు కూర్చున్నాడు. సమ్మవ్వకు యాభై అయిదేళ్ళు. మగని ఉద్యోగం తనకు వచ్చి, బాయి మీద ఊడ్చే పని చేస్తుంది. లైనులో ఆడవాళ్ళ సంఘం ఆమె పెట్టిందే.

"అక్కా, రెండు దినాల సంది పోలీసోళ్ళకు మీరు ఒక్క ముక్క చెప్పలేదంట. శనివారం మాపటీలి ఎవలన్న ఆ ఇంటికి పోయిన్రా?"

సమ్మవ్వ చీరకొంగు వేలికి చుట్టుకుంది. "పోయిన్రు. కని అది చెప్తే మా పని మొత్తం బయటపడ్తది తమ్మీ."

"బయటపడనీ. ఏం పని?"

కొంగు వదిలేసి చెప్పింది. లైనులో దెబ్బలు తినే ఇళ్ళు నాలుగున్నాయి. రోజూ దీపాలు పెట్టినంక, వంతు ప్రకారం ఒక ఆడమనిషి ఆ ఇళ్ళకు పోయి ఉప్పు అడుగుతుంది. దీపం పెట్టినంక ఏ ఇంట్లోనూ ఉప్పు బయటికి ఇవ్వరు. కనుక లోపల అంతా బాగుంటే, ఆమె తలుపు దగ్గరికి వచ్చి, 'దీపం పెట్టినంక ఉప్పు ఇస్తరా అక్కా' అని తిట్టి పంపుతుంది. మొగుడు విన్నా నవ్వుకుంటాడు. లోపల ప్రమాదం ఉంటే, మారుమాట లేకుండా ఉప్పు ఇస్తుంది. అంతే. పది నిమిషాల్లో ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చి ఆ ఇంటి ముందు కూర్చుంటారు. ఒకరు చాట తెస్తారు, ఒకరు పిల్లను ఎత్తుకొస్తారు. ఎవరూ ఏమీ అనరు. మొగుడు పండుకునేదాకా లేవరు.

"ఎనిమిది నెలల సంది ఒక్క చెయ్యి ఇరగలే, ఒక్క తల పగలలే," అంది సమ్మవ్వ. "మొగోళ్ళకు తెలిస్తే ఇగ ఎట్ల నడుస్తది?"

రాజం తల దించుకున్నాడు. తను జమేదారుగా ఉన్న రోజుల్లో స్టేషన్ మెట్లెక్కిన ఎంతమంది ఆడపిల్లలతో 'సర్దుకపో బిడ్డా' అన్నాడో లెక్క లేదు. వాళ్ళు ఆ మాట పట్టుకుని ఏ ఇంటికి వెళ్ళారో ఒక్కసారైనా వెనక వెళ్ళి చూశాడా? ఏ లాఠీ, ఏ కాగితం చెయ్యలేని పని వీళ్ళు ఒక గిన్నె పట్టుకుని చేశారు.

"శనివారం వంతు ఎవలది?"

"జానకీబాయిది. మహారాష్ట్ర అంచుల బోథ్ దిక్కు పిల్ల. వచ్చి మూడు వారాలే అయింది. అదే మొదటి వంతు. నేను అడిగిన, సరోజన మంచిగున్నదా అని. మంచిగనే ఉన్నదన్నది."

"ఉప్పు ఇచ్చిందా అని అడిగినవా?"

సమ్మవ్వ చేతిలో ఉన్న గిన్నెతోనే లేచి ముందు నడిచింది.

జానకీబాయి ఇల్లు పక్క వరసలో చివరిది. పల్చటి మనిషి, పాతికేళ్ళు ఉంటాయి. వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎదురింటి గద్దె మీద రాయమల్లు టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, దగ్గుతూ, ఎవరో ముసలాయనకు ఏదో చెబుతున్నాడు.

"బాయీ, శనివారం ఎన్ని గంటలకు పోయినవ్?"

"ఏడుకు దాదా. రేడియోల వార్తలు షురువైనై."

"తలుపు ఎవలు తీసిన్రు?"

"సరోజనక్కనే. జర్రంత తీసింది. నేను ఉప్పడిగిన. ఇచ్చింది."

సమ్మవ్వ చేతిలోని గిన్నె కింద పడింది.

"ఇచ్చిందా? ఇచ్చిందని గప్పుడెందుకు చెప్పలేదే నా తల్లీ?"

జానకీబాయి భయంతో ఇద్దరినీ చూసింది. "నువ్వు మంచిగున్నదా అనే అడిగినవ్. ఉప్పు అడిగి రమ్మన్నవ్, అడిగి వచ్చిన. ఇస్తే ఏందో చెప్పలేదు కద అక్కా. మా తాన సుత దీపం పెట్టినంక ఇయ్యరు. మీ తాన ఇస్తరేమో అనుకున్న. కొత్త మనిషిని, తప్పు పడ్తనని నోరు మూసుకున్న."

రాజం గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. లోకంలో అందరికీ తెలిసిన సంగతి కదా అని ఒకరు చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి కదా అని ఒకరు అడగలేదు. ఇద్దరి నడుమ ఒక ఆడమనిషి ఉప్పు ఇచ్చి, తలుపు వెనక నిలబడి, వస్తారని ఎదురుచూసింది.

"ఏమన్నది? ఒక్కొక్క మాట చెప్పు."

"గిన్నె తడిగున్నది అక్కా, కాయితంల కట్టిస్త అన్నది. నా గిన్నె తడిలేదు దాదా. కడిగి ఎండపెట్టిన గిన్నె. నాకు సమజ్ కాలే. లోపలికి పోయి పొట్లం కట్టి తెచ్చిచ్చింది."

"లోపల ఇంకెవలన్న ఉన్నరా?"

"కనబడలే. కని తలుపెనక దగ్గు వినబడ్డది. మొగోని దగ్గు. ఇస్తారి అన్ననే అనుకున్న."

"ఏడింటికి ఇస్తారి బాయిలున్నడు."

"మల్ల వింటే గుర్తుపడ్త దాదా."

"ఈ లైన్ల దగ్గు లేనోడెవడు బాయీ," అని సమ్మవ్వ నిట్టూర్చింది. "ఇరవై ఏండ్లు బొగ్గు పీల్చినోళ్ళే అందరు."

"ఆ ఉప్పు ఏం చేసినవ్?" అన్నాడు రాజం.

"మాపటి ఉప్పు కూరల ఎయ్యబుద్ధి కాలే. పొట్లం ఇప్పనేలే. తులసమ్మ గద్దె కాడ పెట్టిన."

పొట్లం తడికి మెత్తబడింది. రాజం ఉప్పును సమ్మవ్వ కొంగులో పోసి కాగితాన్ని వెలుతురుకు పట్టాడు. పై మూలన గుండుసూది రంధ్రం. ఆ రంధ్రం పక్కన గోరంత ముక్క చిరిగిపోయి ఉంది. అగ్గిపెట్టెలో ఉన్న ముక్క అక్కడ అతికినట్టు సరిపోయింది. పై సగం సిరా ఉప్పుకు కరిగి నీలం మరకైంది. కింది సగం చదవవచ్చు.

'ఆయన సంగతి ఎవరికి చెప్పినా నన్నే అంటరు. రెండో షిఫ్టు వారం వస్తే నాకు భయం అయితది. ఆయన మళ్ళ మా గడప తొక్కకుండ మీరే చెప్పాలె. ఇట్లు, సరోజన.'

కింద ఊదారంగు ముద్ర. పోలీసు స్టేషన్, అందినది, ఇరవై నాలుగు అక్టోబరు.

రాజం దాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. ఎదురింటి గద్దె ఖాళీగా ఉంది.

రెండున్నర నుంచి మూడున్నర దాకా బాయి దగ్గర ల్యాంపు రూములో గడిచింది. బాయిలోకి దిగేవాళ్ళకు ల్యాంపులిచ్చే అంతయ్యకు చత్వారం. రిజిస్టరు తిప్పడానికి అరగంట, కళ్ళద్దాలు వెతకడానికి అరగంట. కళ్ళద్దాలు రిజిస్టరులోనే ఉన్నాయి. శనివారం ఇస్తారి రెండు నలభైకి ల్యాంపు తీసుకున్నాడు, పదకొండు దాటి అయిదు నిమిషాలకు అప్పగించాడు. నడుమ పైకి రాలేదని ఆ షిఫ్టు సర్దారు సంతకం. ఆ వారమంతా రెండో షిఫ్టే. అక్టోబరు ఇరవై నుంచి ఇరవై అయిదు దాకా కూడా రెండో షిఫ్టే.

స్టేషన్ చేరేసరికి నాలుగుంపావు. ఇస్తారి లాకప్పులో మోకాళ్ళలో తల పెట్టుకుని ఉన్నాడు. జగన్మోహన్‌రావు కాగితాలు సర్దుకుంటున్నాడు.

రాజం ఆ కాగితం టేబుల్ మీద పరిచాడు. "ఒక్క దరఖాస్తు లేదన్నవ్. ఈ ముద్ర ఎవలది?"

ఇన్‌స్పెక్టర్ చూశాడు. మొహం రంగు మారింది. "ఇదెక్కడిది?"

"శనివారం ఏడింటికి ఉప్పు కట్టిచ్చిన కాయితం. ఏడింటికి ఆమె బతికున్నది. ఇస్తారి అప్పుడు భూమిలోపల ఉన్నడు. తలుపెనక ఇంకొకడున్నడు. వాడు తెచ్చిన కాయితంలనే ఆమె ఉప్పు కట్టింది."

"ఆడోళ్ళు ఇస్తారిని ఇడిపించుకునేటందుకు..."

"వాన్ని ఇడిపియ్యమంటలే. కొట్టినందుకు కేసు పెట్టు, పంచనామా మీద నేను మొదటి సంతకం పెడ్త. చంపినందుకు పెట్టకు. మొగని భయమైతే, మొగడు ఇంట్ల ఉన్న వారం భయపడాలె. ఈ పిల్ల మొగడు డ్యూటీల ఉన్న వారం భయపడుతున్నది. చదివినవా అసలు?"

"చదివిన. మొగడు తాగి కొడ్తుండని..."

"అది మొదటి కాయితం. ఇది రెండోది. తిప్పినవా?"

జగన్మోహన్‌రావు గుండుసూది రంధ్రం మీద వేలు పెట్టాడు. లాకప్పులో ఇస్తారి తలెత్తాడు.

"నీతోని ఎఫ్ఐఆర్ రాయించిన నాడు ఏం చెప్పిన జగన్? గుండుసూది ఉన్నదంటే కింద ఇంకో కాయితం ఉన్నదని కాదా?"

"మొగుడు పెళ్ళాల లొల్లి జమేదారూ. దినానికి నాలుగొస్తై. అన్ని కోర్టుకు పంపితే సంసారాలు నిలుస్తయా? పెద్దమనుషుల్ల పెట్టి సర్దుకోమంటం. మీరు సుత గదే చేసిన్రు."

"చేసిన," అన్నాడు రాజం. గొంతు తగ్గింది. "చేసిన్నని ఒప్పుకుంటున్న. ఇరవై దినాలు ఫైల్ల పండిన ఈ దరఖాస్తు ఎవలికిచ్చినవ్ సర్దుమని?"

"గురువారం. రాయమల్లుకు."

ఇస్తారి రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఆయన నేను డ్యూటీల ఉన్నప్పుడు వచ్చి మా ఆమెకు బుద్ధులు చెప్తుండె," అన్నాడు మెల్లగా. "సారూ, నేనే పంపిన. జర నా పెండ్లానికి సమజ్ చెయ్యి పటేలా అని, నేనే పంపిన."

ఎవరూ అతని వైపు చూడలేదు.

"ఒక్కటి చెప్పు జగన్," అన్నాడు రాజం. "వీనికి పొద్దున బువ్వ ఎవలు తెచ్చిన్రు?"

"ఎవ్వరు తేలే. హోటల్లకెళ్ళి ఉప్మా తెప్పిచ్చినం."

"పదిన్నరకు రాయమల్లు రాలేదా? టిఫిన్ డబ్బా తేలేదా?"

"రాలే."

రాజం కుర్చీలోంచి లేచాడు. పొద్దున పోపు వాసనకు తన ఆకలి లేచింది కాని బుద్ధి మేల్కోలేదు. ఒక్కపొద్దు ఉన్న మనిషి, ఇంట్లో వేరే దిక్కులేని మనిషి, మూడు గిన్నెల బువ్వ వండుకుని ఎవరికి మోస్తున్నాడు?

"సరోజన బతికున్నది," అన్నాడు. "యాడనో దాచిపెట్టి వాడే బువ్వ పెడుతుండు. తన సంగతి రాసిన ఆ రెండో కాయితం దొరికేదాక ఆమెను ఏం చెయ్యాల్నో వానికి తోచలే. ఇయ్యాల మధ్యాహ్నం అది నాకు దొరికింది. వాడు ఎదురుగ గద్దె మీద కూసోని ఉండంగనే దొరికింది."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. పొద్దుటి నుంచి నిమిషానికోసారి దగ్గిన మనిషి. మళ్ళీ వింటే గుర్తుపడ్తానని జానకీబాయి అన్న తర్వాత, ఎదురింటి గద్దె మీద నుంచి ఒక్క దగ్గు రాలేదు.

"జీపు తీయి."

జీపు స్టార్టు కాలేదు. డ్రైవరు బ్యాటరీ అని గంటసేపు దానితో కుస్తీ పట్టాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళూ, సర్కిల్ ఇన్‌స్పెక్టరూ, పొద్దుటి నుంచి ఏమీ తినని డిటెక్టివూ కలిసి ఫర్లాంగు దూరం తోశారు. రాజం ఇరవై ఏళ్ళ నియమం ఆ ఫర్లాంగులో పూర్తిగా చెడింది. అంతయ్య కళ్ళద్దాల నుంచి జీపు బ్యాటరీ దాకా దేన్నీ, ఎవరినీ వదలకుండా తిట్టాడు. జగన్మోహన్‌రావు తల వంచుకుని తోశాడు.

లైను చేరేసరికి ఆరు దాటి పది నిమిషాలు. తులసి గద్దెల దగ్గర దీపాలు వెలుగుతున్నాయి. సమ్మవ్వ ఎదురొచ్చింది.

"జానకీబాయి ఏది?"

"ఇంట్లనే. మొగడు షిఫ్టుకు పోయినంక తలుపేసుకున్నది. మనం గట్టిగ అడిగినమని మనసు కష్టమైందేమో అనుకొని ఊకున్న."

రాజం చివరి ఇంటి పక్కకు నడిచాడు. కట్టెల మోపు వెనక, గోడకు ఆనించి, మూడు గిన్నెల టిఫిన్ డబ్బా ఉంది. చెయ్యి పెట్టాడు. కింది గిన్నె ఇంకా వెచ్చగా ఉంది. ఎక్కడో ఈ మాపటి బువ్వ కోసం ఒక మనిషి కూర్చుని ఉంది. అది ఎక్కడో తెలిసిన ఒక్కడు ఈ తలుపు వెనక ఉన్నాడు.

జగన్మోహన్‌రావు రివాల్వర్ తీశాడు. రాజం అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఉత్తగనే పగలగొట్టకు. లోపల ఉన్నడో లేడో, ఉంటే ఆమె ఎట్లున్నదో ముందు తెల్వాలె. వాడు బతికుండాలె, నోరు తెరవాలె. లేకుంటే సరోజన దొరకది."

"మరేం చేద్దాం?"

ఆ మాట జగన్మోహన్‌రావు నోట వినడం రాజానికి ఇదే మొదటిసారి. అతను సమ్మవ్వ వైపు చూశాడు. సమ్మవ్వకు చెప్పనక్కరలేకపోయింది. కొంగు నడుముకు దోపి, ఒక్కతే వెళ్ళి తలుపు తట్టింది.

"బాయీ, ఓ జానకీబాయీ. కూర ఉడుకుతున్నది, ఇంట్ల ఉప్పు నిండుకున్నది. జరంత ఉప్పియ్యి బిడ్డా."

సమ్మవ్వ మళ్ళీ తట్టింది. తర్వాత తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఒక సన్నటి చెయ్యి బయటికి వచ్చింది. ఏవో రెండు ముక్కలు వినిపించాయి. తలుపు మూసుకుంది.

సమ్మవ్వ మామూలుగా నడిచే మనిషిలా, తొందరపడకుండా నడిచి వచ్చింది. గోడ మలుపు దాటాక పిడికిలి విప్పింది. అరచేతిలో చిన్న పొట్లం.

"ఇచ్చింది," అంది. "గిన్నె తడిగున్నది అక్కా, కాయితంల కట్టిస్త అన్నది. నేను గిన్నె తీస్కపోనేలే తమ్మీ."

ఆమె వెనక్కి తిరిగి లైను వైపు చూసి, చెయ్యి ఒక్కసారి పైకెత్తింది. మొదటి తలుపు తెరుచుకుంది. తర్వాత రెండోది. చాట పట్టుకుని ఒకామె, చంటిపిల్లను ఎత్తుకుని ఒకామె, పిండి చేతులతో ఇంకొకామె. నాలుగు దిక్కులా వచ్చి, ముందు వాకిట్లో, వెనక దొడ్డిలో, కట్టెల మోపు పక్కన, ఒక్కొక్కరే కూర్చున్నారు. శనివారం రావలసిన వాళ్ళు సోమవారం వచ్చారు.

"మీరు జర ఎనకకు జరగుండ్రి సారూ," అంది సమ్మవ్వ ఇన్‌స్పెక్టర్‌తో. ఆయన జరిగాడు.

చుక్క పొడిచింది. రాజం పైకి చూడలేదు. తలుపు వెనక, ఇక ఆపుకోలేక, ఎవరో రెండుసార్లు దగ్గారు, పొద్దున గుమ్మం దగ్గర విన్న అదే దగ్గు. గొళ్ళెం లోపలి నుంచి మెల్లగా కదిలింది.